చప్పిడి పథ్యం: ఆత్మకూర్ (ఎస్) సీమలో ఉప్పు చరిత్ర

నేటి సూర్యాపేట జిల్లాలోని ఆత్మకూర్ (ఎస్) మండలం సముద్రానికి దూరమైన నేల. 1766లో ఉత్తర సర్కారులు, 1788లో గుంటూరు సర్కారు ఈస్టిండియా కంపెనీ వశమై నిజాం రాజ్యానికి తీరమే లేకుండా పోయినందున, ఇక్కడి వంటింటికి సముద్రపు ఉప్పు పరాయి ఏలుబడి నుంచే రావలసి వచ్చింది. మచిలీపట్నం వైపు ఉప్పుమళ్ల నుంచి దానిని పెరికెద్దుల మీద, అంటే వీపున బరువు గోనెలు మోసే ఎద్దుల మీద, లంబాడీలు చేరవేసేవారు. వారి పేరే ‘లవణ’ శబ్దం నుంచి పుట్టిందని కొందరు పండితుల అభిప్రాయం. 1889లో బెజవాడకు రైలుమార్గం పడ్డాక ఆ బిడారులు క్రమంగా కనుమరుగయ్యాయి.

ఇంత దూరం నుంచి వచ్చిన ఉప్పును మానుకోవడం కూడా ఈ సమాజానికి కొత్త కాదు. లవణాన్ని అతిగా వాడితే దేహం సడలి బలం తగ్గుతుందని చరకసంహిత ఏనాడో హెచ్చరించింది. కామెర్లు సోకినవారికి చప్పిడి పథ్యం, అనగా ఉప్పు లేని తిండి, పెట్టడం తెలుగు ఇళ్లలో తరతరాల వాడుక. ఆదివారం ఉప్పు ముట్టని ఒక్కపొద్దు పట్టేవారూ ఉన్నారు. అయితే వీటన్నిటికీ ఒక గడువుంది: రోగం తగ్గగానే పథ్యం, పొద్దు గడవగానే ఒక్కపొద్దు ముగుస్తాయి. అధిక రక్తపోటు ఉన్నవారు ఉప్పు తగ్గించుకునే నియమానికి మాత్రం అలాంటి ముగింపు లేదు; పెద్దవారు దానిని నిలుపుకోలేకపోవడానికి నోటి చాపల్యం కన్నా ఈ తేడాయే పెద్ద కారణమని భావించాలి.

రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచాడు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. కానీ జొన్న గటకలోకి తొక్కు నంజుకుని ఎండలో చెమటోడ్చిన కూలి కుటుంబాల్లో ఉప్పు కారాలే కూరకు బదులుగా నిలిచాయి గనుక, ఆ తొక్కును ఒక్క మాటతో మాన్పించబూనడం అన్యాయం. తెలంగాణ సహా ఐదు రాష్ట్రాల్లో 2017 చివర మొదలైన రక్తపోటు నియంత్రణ కార్యక్రమం మాత్రలను ఊరి దగ్గరకు తెచ్చింది. తిండి సంగతి మాత్రం పొయ్యి దగ్గరే తేలాలి. రోగికి వేరే గిన్నె పెడితే అతడు పంక్తిలో ఒంటరివాడవుతాడు. ఇంటిల్లిపాది కూరలో ఉప్పును వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తూ, చింతపులుసు, నిమ్మరసం, వెల్లుల్లితో రుచి నిలిపితే నాలుక అలవాటు పడుతుంది, తొక్కు జాడీలో పోసే దొడ్డుప్పు సైతం మరుసటి ఏటికి కొంత తగ్గుతుంది.