చీటీ పాటా, డ్రాగన్ పాయింట్లూ

మన మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ని అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించింది 1998 నవంబరు 22న. నాలుగు నెలలు తిరక్కుండానే, 1999 మార్చిలో, అమెరికాలో ఎవర్‌క్వెస్ట్ అనే ఆన్‌లైన్ ఆట వచ్చింది. "లూట్ నాదంటే నాది" అని మన పిల్లలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని అరుచుకుంటారే, ఆ తగువుకి ఓ లెక్క కుదిరింది ఆ ఆటలోనే.

అందులో ఒక్క డ్రాగన్‌ని చంపాలంటే పదులమంది గంటల తరబడి కష్టపడాలి. తీరా చస్తే దొరికేవి ఒకటో రెండో వస్తువులు. ముందు చెయ్యి పెట్టినవాడిదే అంటే మర్నాడు ఎవరొస్తారు? అందుకని ఆఫ్టర్‌లైఫ్ అనే జట్టు 1999లో డ్రాగన్ కిల్ పాయింట్లు, అంటే డీకేపీ, పెట్టింది. వచ్చి కష్టపడిన ప్రతిసారీ కొన్ని పాయింట్లు జమ, వస్తువు తీసుకుంటే కొన్ని ఖర్చు. తరవాత కొన్ని జట్లు పాయింట్లతో వేలం పాడాయి. ఇంకొన్ని జట్లలో ఒకరు ఖర్చుపెట్టిన పాయింట్లని మిగతావాళ్ళకి సమానంగా పంచేవారు.

అచ్చం మన చీటీ కదూ! పాడుకున్నవాళ్ళు వదులుకున్న సొమ్ము మిగతావాళ్ళకి డివిడెండుగా వచ్చినట్టే. భయమూ ఒకటే. చీటీ పాడుకున్నాక వాయిదాలు ఎగ్గొట్టేవాళ్ళున్నట్టు, కత్తి చేతికి రాగానే జట్టు మార్చేసేవాళ్ళుంటారు. మనకి 1982 చిట్‌ఫండ్ చట్టం ఉంది, పాడుకున్నవాళ్ళు జామీను చూపించాలి. ఆటలో జామీను ఎవరుంటారు?

చీటీ నడిపేవాళ్ళే ముంచితే? వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో (2004) లూట్ అంతా ఒక్కరి చేతికిచ్చే పద్ధతి ఉండేది. అన్నీ మూటగట్టుకుని మాయమైనవాళ్ళకి 'నింజా' అని పేరు. 2018లో కంపెనీ ఆ పద్ధతే తీసేసి, ఎవరి వస్తువు వాళ్ళకే పడేలా చేసింది. 'మా జట్టు, మా పంపకం, మధ్యలో మీరెవరు' అని పాత జట్లు గొడవపడ్డాయి. నాకైతే వాళ్ళ మాటలోనూ న్యాయం కనిపించింది.

మార్పిడిలో మోసం ఇంకో రకం. అసలుది చూపించి, చివరి క్షణంలో నకిలీది పెట్టడం. రూన్‌స్కేప్ ఆటలో అందుకే రెండో కిటికీ ఉంటుంది. ఏమిస్తున్నారో, ఏం తీసుకుంటున్నారో మళ్ళీ చూపించి, ఇద్దరూ సరేనంటేనే చేతులు మారతాయి.

మన దగ్గర పబ్జీని 2020 సెప్టెంబరు 2న నిషేధించారు, 2021 జులైలో బీజీఎంఐగా మళ్ళీ వచ్చింది. అందులో లూట్ ఎవరు ముందు తీస్తే వాళ్ళదే. అసలు మోసం ఆట బయట, వాట్సాప్‌లో: "సగం ధరకి యూసీ ఇస్తా, ముందు యూపీఐ చెయ్యి." అక్కడ రెండో కిటికీ లేదు. 1930కి ఎంత త్వరగా ఫోన్ చేస్తే, ఆ డబ్బు ఇంకో ఖాతాకి పోకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. మా అపార్ట్‌మెంట్‌లో ఓ పిల్లాడు ఎనిమిది వందలు పోగొట్టుకుని మూడు రోజులు నోరు విప్పలేదు, వాళ్ళమ్మ తిడుతుందని.