బొమ్మల పెట్టెలో లేని నావికులు

1971 డిసెంబరులో ఘాజీ మునిగిన సంగతి మన ఇళ్ళల్లో పిల్లలు కూడా చెబుతారు. అదే విశాఖపట్నం ఎదుట 1804 సెప్టెంబరు 15న జరిగిన నౌకాయుద్ధం గురించి మాత్రం అక్కడ ఏళ్ళ తరబడి ఉద్యోగం చేసిన మన నావికుల్లోనే చాలామందికి తెలియదు. రిటైరయ్యాక ఆ యుద్ధాన్ని నేను ఒక బల్ల మీద ప్లాస్టిక్ బొమ్మలతో కట్టాను. దీన్ని డయోరమా అంటారు. మన బొమ్మల కొలువుకు దూరపు చుట్టమే అనుకోండి, కాకపోతే ఇక్కడ ప్రతి బొమ్మకీ ఒక తేదీ ఉంటుంది.

ముందు కథ. ఫ్రెంచి అడ్మిరల్ లినువా 74 ఫిరంగుల మరెంగో, దానికి తోడు రెండు ఫ్రిగేట్లతో మచిలీపట్నం దగ్గర చిన్న వర్తక నౌకలను పట్టుకుని, విల్హెల్మినా అనే ఇంగ్లీషు ఫ్రిగేటు విశాఖలో ఉందని విని ఇటు వచ్చాడు. వచ్చేసరికి దాని స్థానంలో 50 ఫిరంగుల సెంచూరియన్ ఉంది. దాని కాపలాలో బార్నబీ, ప్రిన్సెస్ షార్లెట్ అనే రెండు వర్తక నౌకలు. సెంచూరియన్ కెప్టెన్ జేమ్స్ లిండ్ ఆ సమయానికి ఒడ్డున ఉన్నాడు; లెఫ్టినెంట్ ఫిలిప్స్ ఓడ నడిపాడు. బార్నబీ ఒడ్డుకెక్కి పగిలిపోయింది, షార్లెట్ లొంగిపోయింది. సెంచూరియన్ మాత్రం ఒడ్డున ఉన్న చిన్న బాటరీ సాయంతో దెబ్బలు తింటూనే నిలబడింది. కాల్పుల మధ్యలోనే లిండ్ పడవలో వచ్చి ఓడెక్కాడు. లినువా షార్లెట్‌ను తీసుకుని వెళ్ళిపోయాడు. లిండ్‌కి 'సర్' బిరుదు వచ్చింది.

ఇక కొలతలు. నా బొమ్మలు ఎయిర్‌ఫిక్స్ వారి 1/72 సైజు. అంటే ఆరడుగుల మనిషి సరిగ్గా ఒక అంగుళం. ఆ లెక్కన సెంచూరియన్ రెండడుగుల పొడవొస్తుంది, బల్ల మీద పడుతుంది. చిక్కల్లా సముద్రంతోనే. మరెంగో దాదాపు మైలు దూరాన లంగరు వేసింది. మైలంటే ఈ సైజులో 73 అడుగులు! మా ఫ్లాటు గుమ్మం దాటి, మెట్లు దిగి, కార్లు పెట్టే చోటికి పోవాలి. అందుకని మరెంగోని అరచేతిలో పట్టేంత చిన్నగా చేసి వెనక్కి పెట్టాను. కంటిని ఒక మెట్టు మోసం చేస్తే తప్ప దూరం దూరంగా కనపడదు. రంగుల విషయంలో మాత్రం మోసం పనికిరాదు. నలుపు పసుపు గళ్ళు ఎంతో అందంగా ఉంటాయి కానీ, ఆ ఫ్యాషన్ అన్ని ఓడలకూ పాకింది 1805 ట్రఫాల్గర్ తర్వాతే.

అసలు పని మనుషులతో. వాటర్లూ యుద్ధం పెట్టెలు, వాషింగ్టన్ సైన్యం పెట్టె, అరబ్బుల పెట్టె అన్నీ కలిపితే గాని ఒక ఓడకు మనుషులు సమకూరరు. ఇంగ్లీషు మామూలు నావికుడికి 1857 దాకా యూనిఫారమే లేదు కాబట్టి అతనితో ఇబ్బంది లేదు, చొక్కా రంగు మీ ఇష్టం. మెరైన్ల గుండ్రటి టోపీ అంచుకు ఆఫీసు పంచ్ కొట్టిన కాగితపు బిళ్ళ చక్కగా సరిపోయింది. ఈ మెత్తటి ప్లాస్టిక్ మీద రంగు నిలవదు, ముందు సబ్బు నీళ్ళతో కడగాలి. జిగురు కూడా సరిగా పట్టదు, సన్న తీగతో గుచ్చి అతకాలి.

మనవాళ్ళ దగ్గరికొచ్చేసరికి ఏ పెట్టే పనికిరాలేదు. ఒడ్డున కంపెనీ సిపాయిలు కావాలి. ఉత్తరాదిలో సిపాయిని 'తిలంగా' అనేవారు, మన పేరే. మద్రాసు సిపాయికి అప్పట్లో పొట్టి లాగు, కింద ఒట్టి కాళ్ళు. తలపాగా మార్చమన్నందుకే 1806 జులైలో వెల్లూరు సిపాయిలు తిరగబడ్డారు. 1804 సిపాయి నెత్తిన షాకో టోపీ పెట్టి వదిలేస్తే ఆ తిరుగుబాటుకు అర్థమేముంది? అందుకే వాటర్లూ సైనికుల తలలు ఒక్కొక్కటే చెక్కి, పుట్టీతో పాగా చుట్టాను. పన్నెండు మందికి నెల పట్టింది.

లిండ్ ఎక్కిన పడవ సంగతి వేరు. 1933లో హార్బరు తెరిచేదాకా విశాఖలో పెద్ద ఓడలు బయట సముద్రంలోనే ఆగేవి. ఒడ్డున విరిగే కెరటాలను దాటడానికి మన కోస్తాలో ఉన్నది మసూలా పడవ. మేకు లేకుండా చెక్కలను కొబ్బరి తాడుతో కుడతారు, అల తగిలితే పడవ వంగుతుంది గాని పగలదు. లిండ్‌ని దాటించింది కూడా అదే అని నా ఊహ. లిండ్ పేరు పుస్తకాల్లో ఉంది, తెడ్లు పట్టినవాళ్ళ పేర్లు నేను చదివిన వాటిలో ఎక్కడా కనపడలేదు. ఈ పడవకి నేను ఓడ కంటే ఎక్కువ రోజులు కేటాయించాను. అయిదంగుళాల పడవ, కుట్టుదారంతో నిజంగానే కుట్టాను. కూర్చున్న మనుషులు కావాలిగా, అరబ్బులను ఒంటెల మీంచి దింపి, అంగీలు చెక్కేసి, గోచీలు పెట్టాను.

భీమిలి జాలరి కుటుంబంలో పుట్టిన నా పాత షిప్‌మేట్‌ని పిలిచి చూపించాను. ఎనిమిది మందినీ ఒక్కొక్కరినే చూశాడు. "సరంగుని నిలబెట్టు గురూ," అన్నాడు, "కూచుంటే వెనకాల లేచే కెరటం కనపడదు. ఆడు కేకేస్తేనే మిగతావోళ్ళు తెడ్డేస్తారు." నిలబెట్టాను. నోరు కూడా కొంచెం తెరిపించాను, సూదితో. లిండ్ అతని కాళ్ళ దగ్గర పడవ అంచు పట్టుకుని కూర్చున్నాడు.

సంఘం వార్షికోత్సవంలో ప్రదర్శనకు పెట్టినప్పుడు ఓడలకీ, కెప్టెన్లకీ ఇత్తడి రేకుల మీద పేర్లు చెక్కించాను. పడవ ముందు రేకు మీద "మసూలా పడవ, విశాఖ రేవు. సరంగు ఒకరు, తెడ్లు ఎనిమిది" అని రాయించి, కింద ఒక వరస ఖాళీగా ఉంచాను.