తిన్నె బడిలో పెద్ద పిల్లడు

మన హోసూరు, కృష్ణగిరి పల్లెల్లో పాత ఇండ్ల ముందర తిన్నె ఉంటుంది. ఎండ పూట ముసలివాళ్ళు కూర్చునేది, దారిన పోయేవాళ్ళు బరువు దించుకునేది అక్కడే. ఒకప్పుడు బడి కూడా అటువంటి తిన్నె మీదనే. అయ్యవారు ఒక్కరు. పిల్లలు పది పన్నెండు మంది. ఇసుకలో ఓనమాలు దిద్దేవాడు మొదలుకొని తాటాకు మీద వడ్డీ లెక్క గట్టేవాడి దాకా అందరూ ఒకేచోట. ఇంతమందికి ఇన్ని రకాల చదువు ఒక్క మనిషి ఎట్లా చెప్పగలిగాడు?

చెప్పింది ఒక్క మనిషి కాదు. ముందు నేర్చినవాడు వెనక వచ్చినవాడికి చెప్పేవాడు. ఈ పెద్ద పిల్లడిని తమిళంలో సట్టాంపిళ్ళ అన్నారు, మలయాళంలో చట్టంబి అన్నారు. కేరళలో సంస్కర్తగా పేరు పొందిన చట్టంబి స్వామికి ఆ పేరు చిన్ననాడు బడిలో ఈ పని చేసినందుకే వచ్చింది. తర్వాత్తర్వాత మలయాళంలో చట్టంబి అనే మాటకు రౌడీ అనే అర్థం కూడా పుట్టింది. చిన్నవాళ్ళ మీద పెత్తనం ఇస్తే ఏమవుతుందో ఆ మాటే చెబుతున్నది. ఈ వ్యాసం చివరికి వచ్చేసరికి ఆ సంగతి మళ్ళీ పనికివస్తుంది.

ఈ పద్ధతిని చూసి రాసిపెట్టిన విదేశీయుల్లో ఇటలీ యాత్రికుడు పియెట్రో దెల్లా వల్లె ఒకడు. 1623లో అతడు కన్నడ దేశంలోని ఇక్కేరి ప్రాంతంలో తిరుగుతున్నాడు. ఒక గుడి మంటపంలో నలుగురు పిల్లలు నేల మీద సన్న ఇసుక పరచుకొని, వేలితో అంకెలు రాస్తూ, రాగం తీసి ఎక్కాలు చెప్పుకొంటున్నారు. అయ్యవారు లేడు. మరిచిపోతే దిద్దేది ఎవరని యాత్రికుడు అడిగాడు. నలుగురికీ ఒకేసారి మరుపు రాదు గదా, ఒకరు మరిస్తే ఇంకొకరు చెబుతారని పిల్లలు జవాబిచ్చారు. ఆ జవాబు అతనికి నచ్చింది, తన రాతల్లో చేర్చుకున్నాడు.

దీన్ని సీమకు మోసుకుపోయినవాడు మాత్రం ఆండ్రూ బెల్. స్కాట్లండులో సెయింట్ ఆండ్రూస్ ఊరివాడు. 1787లో మదరాసు వచ్చాడు. 1789లో ఎగ్మూరులో యూరోపియన్ సిపాయిల అనాథ కొడుకుల కోసం పెట్టిన ఆశ్రమ పాఠశాలకు అధికారి అయ్యాడు. అక్కడి ఉపాధ్యాయులతో అతనికి పొసగలేదు. ఒకనాడు దారిలో ఒక నాటు బడి పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూశాడు. తన బడిలోనూ అట్లా చేయించమన్నాడు. ఉపాధ్యాయులు కుదరదన్నారు. అప్పుడు ఎనిమిదేళ్ళ జాన్ ఫ్రిస్కెన్ అనే పిల్లవాడికి చిన్న తరగతిని అప్పగించాడు. పెద్దలు కాదన్న పని ఆ కుర్రవాడు చేసి చూపించాడు. బడి మొత్తం ఆ దారిలో నడిచింది.

బెల్ 1796లో తిరిగిపోయి, 1797లో లండన్‌లో ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. 1798లో జోసెఫ్ లాంకాస్టర్ అనే యువకుడు లండన్‌లో బీదపిల్లలకు బడి తెరిచి ఇటువంటి పద్ధతే నడిపాడు. వెయ్యిమంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు చాలునన్నాడు. 1811లో ఇంగ్లండు చర్చి పక్షాన నేషనల్ సొసైటీ ఏర్పడి బెల్ పద్ధతిని ఊరూరా పెట్టింది. దానికి అక్కడివాళ్ళు పెట్టిన పేరు మదరాసు పద్ధతి. బెల్ ఇచ్చిన సొమ్ముతో 1833లో అతని సొంత ఊళ్ళో మొదలైన బడికి ఇప్పటికీ మద్రాస్ కాలేజీ అనే పేరు.

ఇక మన సీమకు వద్దాం. 1792లో టిప్పు సుల్తానుతో జరిగిన ఒప్పందం వల్ల బారామహలు, అంటే కృష్ణగిరి, ధర్మపురి ప్రాంతం, కుంపిణీ చేతికి వచ్చింది. హోసూరు వైపు 1799లో చేరింది. బారామహలులో అలెగ్జాండర్ రీడ్ కింద శిస్తు పని నేర్చుకున్నవాళ్ళలో థామస్ మన్రో ఒకడు. ఏడేళ్ళు ఇక్కడ తిరిగిన ఆ మన్రోనే తర్వాత మదరాసు గవర్నరయ్యాడు. 1822లో జిల్లా జిల్లాకూ ఎన్ని బడులున్నాయో లెక్క తీయమని కలెక్టర్లకు ఉత్తరువు పంపాడు. 1826లో తేలిన లెక్క ఇది: రాజధాని మొత్తానికి 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు.

ఆ జవాబుల్లో బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంబెల్ 1823లో రాసినది మనం ప్రత్యేకంగా చూడవలసినది. ఆయన తెలుగు వ్యాకరణం రాసినవాడు. బళ్ళారి జిల్లాలో 533 బడులుంటే వాటిలో కన్నడానివి 235, తెలుగువి 226. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పడం, అట్లా చెబుతూ తమ చదువును గట్టిచేసుకోవడం చాలా మెచ్చదగినదనీ, ఇంగ్లండు దాన్ని అనుకరించడం న్యాయమేననీ ఆయన రాశాడు. అయితే ఆయన మెప్పుతో ఆగలేదు. పిల్లలు వల్లెవేసే పద్యాల భాష వాళ్ళు మాట్లాడే భాష కాదు, అర్థం తెలియకుండా బట్టీపడుతున్నారన్నాడు. తొమ్మిది లక్షల పైచిలుకు జనంలో ఏడు వేల మందైనా బడిలో లేరన్నాడు. ప్రజల బీదరికం పెరిగి, బడులకు పాతకాలపు ఆదరువు పోయిందనీ ఒప్పుకున్నాడు.

మనమూ మన పాత బడిని నెత్తిన పెట్టుకోనక్కరలేదు. ఎన్నో కులాల పిల్లలకు ఆ తిన్నె ఎక్కే హక్కు లేదు. ఆడపిల్లలు బహు తక్కువ. సీమకు పోయిన పద్ధతీ చెడింది. వందలమంది పిల్లలను వరుసల్లో నిలిపి, తనకే సగం తెలిసిన మానిటరు చేత వల్లె వేయించారు. లాంకాస్టరు బడిలో తప్పు చేసినవాణ్ణి బుట్టలో పెట్టి పైకి వేలాడదీసేవారు. మన కోదండానికి అది తోబుట్టువే. ఖర్చు తగ్గించే ఉపాయంగా చూసినందువల్ల పెద్ద పిల్లడికి తర్ఫీదు ఇవ్వాలన్న మాట వెనకబడింది. 1846లో ఇంగ్లండు దారి మార్చింది. పదమూడేళ్ళు నిండినవాణ్ణి ఎంచి, అయిదేళ్ళు జీతమిచ్చి, రోజూ ప్రధానోపాధ్యాయుడు వాడికి విడిగా పాఠం చెప్పేటట్లు ఏర్పాటు చేసింది. నేర్పేవాడికి మొదట నేర్పాలని గ్రహించడానికి వాళ్ళకు యాభై ఏళ్ళు పట్టింది.

అదే ఆలోచన మన పక్కనే మళ్ళీ చిగిర్చింది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ వాళ్ళు చుట్టుపక్కల తెలుగు పల్లెల్లో ఒకే ఉపాధ్యాయుడున్న బడులు నడిపారు. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, మెట్లుగా అమర్చారు. కొన్ని మెట్లు అయ్యవారి దగ్గర, కొన్ని తోటి పిల్లల సాయంతో, కొన్ని తనంతట తాను. 2003లో మదరాసు నగరపాలక బడులు ఈ దారి పట్టాయి. 2007-08 నాటికి తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటికీ విస్తరించింది. మదరాసు నుంచి సీమకు పోయిన చదువు, తెలుగు పల్లె మీదుగా మదరాసుకే తిరిగి వచ్చినట్లయింది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఒకే అయ్యవారు రెండు మూడు తరగతులు చూసే తెలుగు బడి మనకు కొత్త కాదు. 2006 చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. పదో తరగతి పరీక్షలో మన భాష సంగతి కోర్టుల దాకా పోయింది. తమిళం నేర్వడం మంచిదే, ఈ నేల మీద బతుకుతున్నాం. కానీ ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లకు తెలుగు అక్షరం రాకుండా పోతే, ఆ నష్టాన్ని ఏ కోర్టూ పూడ్చలేదు.

ఎనిమిదో తరగతి పిల్ల సాయంత్రం అరగంట కూర్చొని ఇద్దరు చిన్నవాళ్ళకు గుణింతం దిద్దించగలదు. అయితే తప్పు దిద్దడం ఎట్లాగో, కసరకుండా మళ్ళీ చెప్పడం ఎట్లాగో, తనకు రానిది అయ్యవారిని అడిగి రావడం ఎట్లాగో ముందు ఆమెకు నేర్పాలి. లేకపోతే పెద్ద పిల్లడు రౌడీ చట్టంబి అవుతాడు. ఇంకొకటి: ఖాళీగా ఉన్న అయ్యవారి ఉద్యోగానికి ఈ పిల్ల బదులు కాదు. ఆ ఉద్యోగం నింపమని అడగడం పెద్దవాళ్ళమైన మన పని. ఆ పని మనం చేస్తూ ఉంటే, ఈలోగా అక్షరం ఆరిపోకుండా చూసే పని పిల్లలు చేయగలరు. ఇక్కేరి మంటపంలో నలుగురు పిల్లలు చెప్పింది నిజమే, నలుగురికీ ఒకేసారి మరుపు రాదు. కానీ ఆ నలుగురూ ఒకచోట కూర్చోవాలి. తిన్నెలు మన ఊళ్ళలో ఇంకా ఉన్నాయి.