అక్కర్లేని సీక్వెల్: పోర్టల్ 2 పుట్టుపూర్వోత్తరాలు

వీడియో గేములు తయారుచేసేవాళ్లు ఏటేటా శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక పెద్ద సమావేశం జరుపుకుంటారు. 2012 మార్చిలో అక్కడ ఎరిక్ వోల్‌పా, చెట్ ఫలిజెక్ అనే ఇద్దరు రచయితలు మాట్లాడారు. వాళ్ల ప్రసంగం పేరును తెలుగులో చెప్పుకుంటే 'సీక్వెల్ అక్కర్లేని ఆటకు సీక్వెల్ తయారుచెయ్యడం' అని వస్తుంది. ఆ సీక్వెల్ పోర్టల్ 2. అదే నెలలో బ్రిటిష్ అకాడెమీ బాఫ్టా వాళ్లు దానికి ఉత్తమ గేమ్, ఉత్తమ కథ, ఉత్తమ డిజైన్ అవార్డులు మూడూ ఇచ్చారు. ప్రసంగం పేరులో వెటకారం ఉన్న మాట నిజమే కానీ, అందులో అబద్ధం లేదు. 2007లో వచ్చిన మొదటి పోర్టల్ మూడు నాలుగు గంటల్లో అయిపోయే ఆట. చెప్పాల్సింది చెప్పేసి, చివర ఒక పాట పాడించి, అది తలుపు మూసేసుకుంది. మన సినిమాల్లోలాగా రెండో భాగం కోసం ప్రశ్న ఏదీ అట్టే పెట్టుకోలేదు. అలాంటి దానికి కొనసాగింపు ఎక్కణ్ణుంచి వచ్చింది? రచయితల బల్ల మీద ముందే సిద్ధంగా ఉన్న కథ నుంచి రాలేదని నా వాదన. పోర్టల్ 2లో జనం గుర్తుపెట్టుకున్న పాత్రలూ మలుపులూ చాలామటుకు తయారీలో ఏదో ఒక పని అడ్డం తిరిగినప్పుడు దాన్ని సర్దుకోవడానికి పుట్టినవి. సైన్స్ ఫిక్షన్ కథ అనగానే ఎవరో ఒకరు ముందుగా ఊహించి పెట్టిన లోకాన్ని వెతికే అలవాటు మనకుంది. ఈ ఆట చరిత్ర ఆ అలవాటుకు లొంగదు.

మూలం దగ్గరికి వెళ్తే అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం, రెడ్‌మండ్ ఊళ్లో డిజిపెన్ అనే గేముల కాలేజీ కనిపిస్తుంది. అక్కడి విద్యార్థులు 2005లో చదువులో భాగంగా నార్బాక్యులర్ డ్రాప్ అనే చిన్న ఆట చేశారు. చెరలో చిక్కిన ఒక రాకుమారి తప్పించుకోవడమే కథ. ఆమెకు మోకాళ్లు లేవని పేరులోనే పెట్టారు, కాబట్టి ఎగరలేదు. ఎగరలేనిది గుంటలు ఎలా దాటాలి? ఒక గోడకు ఒక ద్వారం, ఇంకో గోడకు ఇంకో ద్వారం తెరిస్తే, ఇందులో దూరి అందులోంచి బయటపడొచ్చు. ఈ ఆటను కాలేజీ ఉద్యోగ మేళాలో వాల్వ్ కంపెనీ వాళ్లు చూశారు, ఆఫీసుకు రమ్మన్నారు. కంపెనీ అధిపతి గేబ్ న్యూవెల్ ప్రదర్శన చూసి అక్కడికక్కడే జట్టు మొత్తానికి ఉద్యోగాలిచ్చాడు; అదే ఆలోచన వాల్వ్‌లో పోర్టల్ అయింది. ఇక్కడ ఒక అభ్యంతరం తప్పకుండా వస్తుంది: ద్వారాల ఆలోచన వీళ్ల సొంతమా అని. కాదు. తొంభైల్లో మొదలై ఏళ్ల తరబడి సాగి 2006లో విడుదలైన ప్రే అనే ఆటలోనూ ద్వారాలున్నాయి. కానీ అందులో అవి ఎక్కడ ఉండాలో తయారుచేసినవాళ్లే నిర్ణయించారు. విద్యార్థులు ఆ నిర్ణయాన్ని ఆడేవాళ్ల చేతిలో పెట్టారు. తేడా అంతా అక్కడే ఉంది. నేల మీద ఒక ద్వారం, ఎత్తుగా గోడ మీద రెండోది పెట్టుకుని, పైనుంచి నేల మీది దాంట్లోకి దూకితే పడిన వేగమంతా పోకుండా గోడలోంచి అడ్డంగా విసిరేసినట్టు బయటికొస్తారు. కింద పడడం ముందుకు ఎగరడానికి పనికొస్తుంది. ఆడేవాడికి ఇది మొదటిసారి తట్టిన క్షణంలో దొరికే ఆనందం మీదే మొత్తం ఆట నిలబడింది.

ఆనందం సరే, కథ మాటేమిటి? మొదటి పోర్టల్ చేసిన జట్టులో పదిమందికి మించి లేరు. మనుషుల బొమ్మలు గీసి, నడిపించి, మాట్లాడించడం గేముల్లో ఖరీదైన పని. ఆ స్తోమత లేక తెల్లగోడల ఖాళీ ప్రయోగశాల మిగిలింది, మనిషి బదులు ఒక గొంతు మిగిలింది. ఇంకో పని కోసం కంప్యూటర్ చేత వాక్యాలు చదివించుకుంటున్న వోల్‌పాకు, ఆ పొడిపొడి గొంతులో ఏం చదివినా చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతున్నారని తెలిసొచ్చింది. గ్లాడోస్ అనే కృత్రిమ మేధ పాత్రకు పునాది పడింది అక్కడే. ఆ యంత్రపు గొంతును ఒపెరా గాయని ఎలెన్ మెక్‌లేన్ తన గొంతుతో అనుకరించింది. మర్యాదగా మాట్లాడుతూనే చంపడానికి చూసే ఆ స్వరం ఈ శతాబ్దపు గేముల్లో బహుశా అందరికన్నా పేరున్న ప్రతినాయిక. ఆట నడిమిలో ఒకచోట ఒక పెట్టెను మొదటినుంచి చివరిదాకా మోసుకెళ్లాలి. పరీక్షించడానికి వచ్చినవాళ్లు దాన్ని మధ్యలో ఎక్కడో వదిలేసి మర్చిపోయేవాళ్లు. దాని మీద గులాబీరంగు గుండె బొమ్మ వేసి, ఇది నీ నేస్తం అని గ్లాడోస్ చేత చెప్పించి, చివర్లో దాన్ని మంటల్లో పడెయ్యమన్నారు. మర్చిపోవడం ఆగిపోయింది సరికదా, ఆ పెట్టె దూదిబొమ్మలై అంగళ్లలో అమ్ముడుపోయింది. అంత ఎత్తునుంచి పడ్డా కాళ్లు విరగవేం అని పరీక్షకులు అడిగితే కథానాయిక షెల్ కాళ్లకు స్ప్రింగులు తగిలించారు. అడిగిన ప్రతి ప్రశ్నా కథలోకి ఒక వస్తువై వచ్చి చేరింది.

ఈ అలవాటుతోనే సీక్వెల్ మొదలుపెట్టి ఉంటే పోర్టల్ 2 చరిత్ర మామూలుగా ఉండేది. వాల్వ్ మాత్రం ముందు పెద్ద ఎత్తు వేసింది. ద్వారాలు లేని పోర్టల్ చేద్దామనుకుంది. ఎఫ్-స్టాప్ అని లోపల పిలుచుకున్న ఆ ప్రయత్నంలో గ్లాడోస్ లేదు, షెల్ లేదు, అసలు ద్వారాలే లేవు. కథ వెనక్కి, 1980ల్లోకి వెళ్తుంది. ప్రయోగశాల యజమాని కేవ్ జాన్సన్ పాత్ర అక్కడ పుట్టింది. ఆడేవాడి చేతిలో ఒక కెమెరా ఉంటుంది. దేన్ని ఫొటో తీస్తే అది అక్కడ మాయమవుతుంది, తర్వాత కావాల్సిన చోట కావాల్సినంత పెద్దదిగానో చిన్నదిగానో దించుకోవచ్చు. కాగితం మీద చూస్తే ఇదే సాహసవంతమైన సీక్వెల్. పాతదాన్ని తిరగరాయకుండా అదే లోకంలో కొత్త ఆట ఇస్తుంది. పరీక్షకులు ఆడారు, బాగుందన్నారు. ఆ వెంటనే, మరి పోర్టల్ ఏది అని అడిగారు. చేసిన పనంతా పక్కన పెట్టి మళ్లీ మొదటికి వచ్చారు. అభిమానుల గోలకు కళాకారుడు లొంగిపోయాడని దీన్ని తీసిపారేసేవాళ్లున్నారు. నాకలా అనిపించదు. పేరు మీద పోర్టల్ అని రాసి ఇచ్చినప్పుడు, ఆడేవాడు ఆ ద్వారాలతోనే ఆలోచించడానికి సిద్ధపడి కూర్చుంటాడు. కెమెరా ఎంత మంచిదైనా ఆ పేరు మీద మోసమే అవుతుంది.

పరీక్షకుల తిరుగుబాటుల్లో నాకు అన్నిటికన్నా ఆసక్తికరమైనది ఇంకొకటి. ద్వారాలు తిరిగొచ్చాక కూడా నాయికను మార్చాలని చూశారు. కొత్త మనిషిని పెడితే ఎవరూ ఏమీ అనుకోలేదు, హాయిగా ఆడుకుంటూ పోయారు. మొదటి ఆట చివర షెల్ చేతిలో నాశనమైన గ్లాడోస్, శిథిలాల్లో మళ్లీ కళ్లు తెరిచే ఘట్టం వచ్చింది. తనను చంపింది ఎవరో ఆమె గుర్తుపట్టలేదు. పట్టడానికి ఎదురుగా ఉన్నది వేరే మనిషి కదా. అప్పుడు మాత్రం వాళ్లకు చివుక్కుమంది. షెల్ ముఖం వాళ్లు సరిగ్గా చూసిందీ లేదు, ఆమె నోటి వెంట ఒక్క మాట విన్నదీ లేదు. అయినా గ్లాడోస్‌తో పాత పగ ఉన్నది తమకే, ఆ లెక్క తమతోనే తేలాలి. పాత్ర అంటే పేరూ చరిత్రా కాదనీ, ఒక సంబంధమనీ రచయితలకు ఈ దెబ్బతో తెలిసింది. షెల్ తిరిగొచ్చింది. అయితే మొదటి ఆట ముగింపులో ఆమె ప్రయోగశాల బయట ఎండలో పడి ఉంది, మరి లోపలికి ఎలా వస్తుంది? 2010 మార్చిలో పాత ఆటకు ఇంటర్నెట్ ద్వారా ఒక అప్‌డేట్ పంపి ముగింపునే మార్చేశారు. స్పృహలో లేని షెల్‌ను ఏదో యంత్రం లోపలికి ఈడ్చుకుపోతుంది. రెండేళ్లకు పైగా జనం ఇళ్లలో ఉన్న ఆట చివరి దృశ్యాన్ని అలా సరిచెయ్యడం పుస్తకంలోనో సినిమాలోనో ఊహించలేం. కథకు అతుకు వెయ్యడమంటే ఇక్కడ అలంకారం కాదు, అక్షరాలా జరిగిన పని.

2011 ఏప్రిల్‌లో విడుదలైన ఆట మొదటి నిమిషాలు చూస్తే ఈ పద్ధతి ఎంత ముదిరిందో తెలుస్తుంది. షెల్ ఒక చౌక లాడ్జి గదిలాంటి చోట నిద్ర లేస్తుంది. పైకప్పు చూడు, కింద నేల చూడు, గోడ మీది పటం ముందు నిలబడు అని ఒక గొంతు ఆరోగ్య పరీక్షలాగా చెబుతుంది. నిజానికి ఆడేవాడికి చూపు తిప్పడం, నడవడం నేర్పుతున్నారు. కాసేపటికి వీట్లీ అనే గుండ్రటి కంటియంత్రం వచ్చి, మెదడు దెబ్బతిందేమో చూద్దాం, ఆపిల్ అను, అంటుంది. మాట్లాడడానికి ఈ బటన్ నొక్కు అని తెర మీద కనిపిస్తుంది. నొక్కితే షెల్ ఎగురుతుంది. వీట్లీ కంగారుపడుతుంది. ఒక్క నొక్కుడులో ఎగరడం నేర్పారు, నాయిక మూగతనానికి ఒక సాకు చూపారు, వీట్లీ ఎంత అయోమయం సరుకో చెప్పేశారు. ఈ పాత్రకు బ్రిటిష్ హాస్యనటుడు స్టీఫెన్ మర్చంట్ గొంతిచ్చాడు, ఆ తడబాటూ వాగుడూ అతనివే. వీట్లీ ఉండడానికీ కారణం ఉంది. ఆట పొడవునా గ్లాడోస్ ఒక్కతే పాత హత్యను ఎత్తిపొడుస్తూ పోతే వినేవాడికి విసుగు. అందుకని సగంలో ఆమె సింహాసనాన్ని ఈ మూర్ఖుడికి అప్పగించి, ఆమెను ఒక ఆలుగడ్డతో నడిచే చిన్న చిప్‌లోకి కుదించి షెల్ చేతిలో పెట్టారు. శత్రువుతో కలిసి నడవాల్సి రావడం అలా వచ్చింది.

ఆ నడక ప్రయోగశాల అడుగున, మిషిగన్‌లోని పాత ఉప్పుగనిలో సాగుతుంది. అటకెక్కిన ఎఫ్-స్టాప్‌లోని కేవ్ జాన్సన్ ఇక్కడ రికార్డు చేసిన గొంతుగా తిరిగొస్తాడు. గొంతు నటుడు జె.కె. సిమన్స్‌ది. స్నానాల గది కర్టెన్లు అమ్మి పైకొచ్చి, సైన్స్ పేరుతో కంపెనీని ముంచిన అమెరికన్ వ్యాపారి అతను. యాభైల గదుల నుంచి ఎనభైల గదుల దాకా ఎక్కుతూ పోతుంటే ధీమా దగ్గుగా మారడం వినిపిస్తుంది. ప్రయోగానికి మొదట వ్యోమగాములూ ఒలింపిక్ క్రీడాకారులూ వచ్చేవాళ్లు, తర్వాత నిలువ నీడ లేనివాళ్లు, చివరికి సొంత ఉద్యోగులే. పారేసిన సీక్వెల్ నుంచి మిగిలిన తునకే ఈ సీక్వెల్‌కు గుండెకాయ అయింది. ఇదే భాగంలో వచ్చే రంగు జెల్‌లు మళ్లీ డిజిపెన్ విద్యార్థులవే. ట్యాగ్ అనే వాళ్ల ఆటను చూసి వాల్వ్ ఆ జట్టును కూడా పనిలో పెట్టుకుంది. నీలం జెల్ మీద కాలు పెడితే బంతిలా ఎగిరిపడతారు, నారింజ దాని మీద దూసుకుపోతారు. వాల్వ్ చేర్చిన తెల్ల జెల్ ఏ గోడకు పూస్తే ఆ గోడ మీద ద్వారం తెరుచుకుంటుంది. ఎందుకలా? చంద్రశిల పొడి కలిపారు కాబట్టి, ఆ పొడే జాన్సన్ ఊపిరితిత్తులు తినేసింది కాబట్టి. ఇలా చెప్పి వదిలేస్తారు. ఇక చంద్రుడి మీదికి ద్వారం తెరవడమనేది తయారీలో ఒకప్పుడు ఆట మధ్యలో పెట్టాలనుకున్న కొంటె ముగింపు: కాల్చినవాడు ఊపిరాడక పోతాడు, ఆట అయిపోతుంది. ఆ చిలిపితనాన్నే తీసుకెళ్లి అసలు ముగింపులో పెట్టారు. పైకప్పు పగిలి చంద్రుడు కనిపించగానే, ఎవరూ చెప్పకుండానే ఆడేవాడి వేలు కదులుతుంది.

ఇంత సర్దుబాటుకు మూల్యం లేదా అంటే ఉంది. పరీక్షకులు ఆగిపోయిన ప్రతిచోటా దారి నున్న చేస్తే బుర్రకు పదును పెట్టే పని తగ్గుతుంది. గని భాగంలో చాలాచోట్ల పజిల్ అంటే నల్లటి విశాలంలో ఒకే ఒక్క తెల్లపలక ఎక్కడుందో వెతుక్కోవడమే అయిందని వచ్చిన విమర్శ సరైనదే. కష్టాన్ని ఇద్దరు కలిసి ఆడే విభాగంలోకి నెట్టారు. 2012 మేలో ఎవరికి వాళ్లు గదులు కట్టుకునే సదుపాయం ఇచ్చారు. ముఖ్యకథలో లోటు మాత్రం లోటుగానే ఉంది. ఇంకో విమర్శకు మాత్రం నేను ఒప్పుకోను. సమస్యలే కథ పుట్టించేటట్టయితే రచయితలెందుకు అంటారు. పరీక్షకుడు తనకు విసుగొచ్చిన చోటు చూపించగలడు, దానికి మందు చెప్పలేడు. పెట్టెను మర్చిపోతున్నారని తెలిస్తే మరొకడు తెర మీద ఒక బాణం గుర్తు పెట్టేవాడు. గుండె బొమ్మ వేసి, కాల్చెయ్యమని చెప్పడానికి వోల్‌పా లాంటివాడు కావాలి.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం వాల్వ్ ఇంట్లోనే ఉంది. నెలల తరబడి చేసిన పనిని అవతల పారెయ్యగల దమ్ము అందరికీ ఉండదు. 2003లో మొదలైన స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణం నుంచి డబ్బు వస్తోంది కాబట్టి వీళ్లకు చెల్లింది. ఆ దమ్ము ఉన్నా ఫలితం ఖాయం కాదు. మొదటి పోర్టల్‌తో ఒకే డబ్బాలో అమ్ముడైన హాఫ్-లైఫ్ 2: ఎపిసోడ్ టూ ఉత్కంఠ మధ్యలో ఆగింది, కొనసాగింపు కోసం జనం గోల పెట్టారు. ఎపిసోడ్ త్రీ మాత్రం రాలేదు. 2017లో ఆ శ్రేణి రచయిత మార్క్ లెయిడ్లా కథాసారాన్ని పేర్లు మార్చి లేఖగా బయటపెట్టాడు. 2024లో వచ్చిన డాక్యుమెంటరీలో సగం చేసి ఆపేసిన దృశ్యాలు కనిపించాయి. అక్కడ కథ సిద్ధంగా ఉంది, జనం ఎదురుచూస్తున్నారు, ఆట మాత్రం కదల్లేదు. గేముల తయారీని ముందుకు తోసే కొత్త సమస్య ఏదీ దొరకలేదని గేబ్ న్యూవెల్ ఆ డాక్యుమెంటరీలో చెప్పినదాని సారాంశం. ఎవరూ అడగని కథకు సీక్వెల్ రావడం, అందరూ అడిగిన కథకు రాకపోవడం ఒకే పద్ధతికి రెండు వైపులు. పోర్టల్ 3 చెయ్యాలి, మేం ముసలివాళ్లమైపోతున్నాం అని వోల్‌పా 2022లో ఒక పాడ్‌కాస్ట్‌లో అన్నాడు. వాల్వ్ మాత్రం ఇప్పటిదాకా అలాంటి ఆట ఏదీ ప్రకటించలేదు.