గుడ్ల కోళ్ల దాణాలో మాంసకృత్తులు: చెనక్కాయ చెక్క నేర్పిన పాఠం

గుడ్లు పెట్టే కోడికి మాంసకృత్తులు ఏ రూపంలో ఇవ్వాలి? ఒకప్పుడు మన చిత్తూరు పల్లెల్లో ఈ ప్రశ్నే లేదు. పెరటి కోడి పెంటదిబ్బ గీరి పురుగులు తినేది, కళ్లంలో గింజలు ఏరుకునేది. పిల్లలకు చెదలు పట్టి వేసేవారు. అది ఏడాదికి పెట్టేది కొద్ది గుడ్లే గనుక ఆ తిండి సరిపోయింది. కోడిని గూట్లో ఉంచి, ఇంచుమించు రోజుకొక గుడ్డు కోరినప్పుడే చిక్కు వచ్చింది.

లెక్క చూడండి. గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. కోడి రోజుకు 110 గ్రాముల దాణా తింటుంది. అందులో నూటికి 17 పాళ్లు మాంసకృత్తులుంటే, దానికి అందేది 19 గ్రాములకు లోపే. దానితోనే అది బతకాలి, గుడ్డూ పెట్టాలి. జొన్నలు, తవుడు మాత్రమే పోస్తే ఈ లెక్క కుదరదు.

తిరుమల కొండ పాదాన, తిరుపతిలో పశువైద్య కళాశాల వెలసింది 1955లో. ఆ కాలంలో మన సీమ రైతుకు చేతికందినది నూనె తీయగా మిగిలే చెనక్కాయ చెక్క. అందులో మాంసకృత్తులు నూటికి 40 పైచిలుకు. కానీ లైసిన్, మెథియోనిన్ అనే రెండు అంశాలు అందులో తక్కువ. బావినిండా నీళ్లున్నా చేంతాడు చాలకపోతే కడవ నిండదు గదా! ఇదీ అంతే. మెథియోనిన్ చాలకపోతే గుడ్డు చిన్నదవుతుంది.

ఆ లోటు తీర్చింది ఎండుచేపల పొడి. చేపలో ఆ రెండూ ఉన్నాయి, బి-12 విటమిను కూడా ఉన్నది. కేవలం చెక్కలు తిన్న కోళ్ల గుడ్లు సరిగా పొదగక పోవడానికి కారణమేమిటో శాస్త్రజ్ఞులకు చాలాకాలం అంతుపట్టలేదు. 1948లో బి-12ను వేరుచేసిన తరువాత ఆ ముడి విడింది.

1960లో మరొక దెబ్బ తగిలింది. ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాయి. విచారించగా దోషం బ్రెజిల్ నుంచి వచ్చిన చెనక్కాయ చెక్కలో ఉన్నదని తేలింది. చెక్కకు పట్టిన బూజు ఒక విషాన్ని పుట్టించింది. దానికే అఫ్లటాక్సిన్ అని పేరు. ఇది దూరదేశపు ముచ్చట అనుకోకండి. 1982లో మన చిత్తూరు జిల్లాలోనే ఈ విషంతో ఫారం కోళ్లు చనిపోయాయి. మన దగ్గర కారణం స్పష్టమే: కాయ ముదిరేవేళ వాన ఎగ్గొడుతుంది, పెరికి ఆరబెట్టేవేళ ఐప్పసి వాన తడిపేస్తుంది. రెండూ బూజుకు అనుకూలమే.

తరువాత సోయా చెక్క వచ్చింది. మాంసకృత్తులు నూటికి 45 వరకు, లైసిన్ మెండు, మెథియోనిన్ మాత్రం తక్కువ. పచ్చి సోయా అరగదు. వేడిచేస్తే మేలని 1917లోనే అమెరికాలో ఆస్బోర్న్, మెండెల్ ఎలుకల మీద పరీక్షించి చూపారు. నేటి దాణాల్లో సోయా చెక్కే ముఖ్యం. మెథియోనిన్‌ను విడిగా కలుపుతారు.

కాబట్టి ధర, పాళ్లు మాత్రమే చూసి కొనకండి. చెనక్కాయ చెక్క వాడితే మెథియోనిన్ ఉన్న నువ్వుల చెక్క, లైసిన్ ఉన్న చేపపొడి లేదా సోయా జతచేయండి. చేపపొడిలో ఇసుక, ఉప్పు ఎంతుందో చూడండి. మితిమీరితే గుడ్డుకు నీచు వాసన వస్తుంది. బూజు చెక్కను ఎండబెట్టినా, ఉడికించినా విషం పోదు. బూజు కంటికి కనబడకున్నా విషం ఉండవచ్చు. అందుచేత పెద్ద మొత్తంలో కొనేముందు నమూనా పరీక్ష చేయించండి. విస్తరణోద్యోగులారా, కాయలను బాగా ఎండబెట్టి గోతాలకెత్తమని కోత రోజుల్లోనే రైతుకు చెప్పండి. కోళ్ల ఆరోగ్యం అక్కడే మొదలవుతుంది.