చక్కెర నేల కింద

హ్యూస్టన్ నగరానికి నైరుతి దిక్కున షుగర్ ల్యాండ్ అనే ఊరుంది. తెలుగు కుటుంబాలు బాగానే స్థిరపడిన ప్రాంతం. కొన్నేళ్ళు నేనూ అక్కడ కాపురమున్నాను. ఊరి పేరు వింటే చెరకుతోటలు తలపుకు వచ్చేవి గాని, ఆ చెరకు నరికిన చేతులెవరివన్న ప్రశ్న ఒక్కనాడూ రాలేదు.

2018లో ఆ ఊళ్ళో ఒక పాఠశాల భవనం కోసం నేల తవ్వుతుండగా మనుషుల ఎముకలు బయటపడ్డాయి. తవ్వేకొద్దీ సమాధుల లెక్క 95కు చేరింది. పద్నాలుగేళ్ళ పిల్లవాడి మొదలు డెబ్బయ్యేళ్ళ వృద్ధుడి దాకా ఉన్నారు. దాదాపు అందరూ నల్లవారే. గొడ్డుచాకిరీ గుర్తులు ఆ ఎముకల మీద ఇంకా మిగిలే ఉన్నాయి. అయితే చనిపోయేనాటికి వీరు బానిసలు కారు. ఖైదీలు.

1865లో రాజ్యాంగపు పదమూడవ సవరణ బానిసత్వాన్ని రద్దు చేస్తూనే, నేరానికి శిక్షగా అయితే ఫరవాలేదని మినహాయింపునిచ్చింది. దక్షిణాది రాష్ట్రాలకు ఆ సందు చాలింది. పనిలేక తిరగడమే నేరమైంది. పట్టుబడినవారిని ప్రభుత్వమే తోటలకు, గనులకు, రైలుదారుల గుత్తేదార్లకు అద్దెకిచ్చింది. 1878లో టెక్సాస్ తన ఖైదీలనందరినీ కన్నింగ్‌హామ్, ఎల్లిస్ అనే ఇద్దరు చెరకు భూస్వాముల చేతుల్లో పెట్టింది.

ఒక్క విషయంలో ఇది బానిసత్వంకన్నా ఘోరమని నాకనిపిస్తుంది. డబ్బు పోసి కొన్న ఎద్దును ఏ రైతూ చంపుకోడు. అద్దెకు తెచ్చిన ఎద్దు సంగతి వేరు. బ్రజోస్ నది పక్క బురదనేలల్లో, మలేరియాలో, కొరడా కింద ఖైదీ చనిపోతే గుత్తేదారుకు పోయేదేమీ లేదు. మరొకణ్ణి పంపేవారు.

టెక్సాస్‌లో ఈ అద్దె పద్ధతి 1912 నాటికి ముగిసింది. ముగిసి ఏమైంది? అదే నేల మీద ప్రభుత్వమే జైలు వ్యవసాయక్షేత్రం నడిపింది. అక్కడి జైలు 2011లో గాని మూతపడలేదు. దాని పక్కగా ఎన్నిసార్లు కారులో వెళ్ళానో!

అక్కడ శవాలున్నాయని ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చినవాడు ఒకడున్నాడు, రెజినాల్డ్ మూర్. ఒకప్పుడు తానే జైలు కాపలాదారు. అధికారులకు మొరపెట్టుకున్నా పట్టించుకున్నవారు తక్కువ. ఎముకలు దొరికాక గాని అతని మాటకు విలువ రాలేదు. 2019 నవంబరులో ఆ 95 మందినీ దొరికినచోటనే తిరిగి ఖననం చేశారు. మరుసటి ఏడే మూర్ కన్నుమూశాడు.

పదమూడవ సవరణలోని ఆ మినహాయింపు ఇప్పటికీ అలాగే ఉంది. టెక్సాస్ జైళ్ళలో అత్యధికులు నేటికీ కూలి లేకుండానే పనిచేస్తున్నారు.