మాన్యం పోయిన కట్టుబడి

రాయలసీమలో సాయుధ ముఠాలు ఎందుకు పుట్టాయని అడిగితే కరువు నేల, పౌరుషం అని చెప్పి ఊరుకోవడం అలవాటైపోయింది. కర్నూలు, కడప చరిత్ర ఆ మాటను నిలబెట్టదు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసేనాటికి దత్తమండలాల్లో పాళెగాళ్లు అనే స్థానిక సాయుధ నాయకులు 80 మంది, వాళ్ల కింద దాదాపు 30 వేల మంది సాయుధ బంట్లు ఉన్నారని అంచనా. అంటే ఆయుధం పట్టడం ఇక్కడ వేలాది కుటుంబాలకు కొలువు. ఊరికి కాపలా కాసే కట్టుబడికి ఆ కొలువు కింద మాన్యం భూమి ఉండేది. కలెక్టర్ థామస్ మన్రో పాళెగాళ్ల బలగాలను రద్దు చేశాడు, పలువురికి పింఛన్లు ఇచ్చాడు, రైతులతో నేరుగా శిస్తు ఒప్పందాలు చేసుకున్నాడు. పింఛను దొరకని బంటు ఎలా బతకాలన్నది కంపెనీ పట్టించుకోలేదు.

పాళెగాళ్లు మాత్రం రైతును దోచలేదా అని అడగవచ్చు. దోచారు. ఒకరి ఊళ్ల మీద ఒకరు పడ్డారు. వాళ్ల పాలనను స్వర్ణయుగంగా చూపడం రైతుకు చేసే అన్యాయం. కానీ మన్రో వెళ్లిపోయిన నాలుగు దశాబ్దాల తర్వాత, 1846లో కోయిలకుంట్ల ప్రాంతంలో జరిగింది చూడండి. చనిపోయిన కట్టుబడుల మాన్యాలను ప్రభుత్వం తిరిగి లాక్కోవడంతో వాళ్ల వారసులకు దిక్కులేకుండా పోయింది. అప్పటికే తన వంశానికి రావాల్సిన పింఛను వాటా అందక, నెలకు 11 రూపాయల చిల్లరతో మిగిలిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెనక వాళ్లు నడిచారు. ఆయన పలుకుబడి పెద్దదే. అయినా కట్టుబడుల కడుపుమంట లేకపోతే అది తిరుగుబాటు అయ్యేది కాదని నా అభిప్రాయం. జులైలో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. అక్టోబరులో నరసింహారెడ్డి పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. బెదురు పుట్టించాలని ఆయన తలను కోట మీద ఏళ్ల తరబడి వేలాడదీశారు.

మరి ఇరవయ్యో శతాబ్దపు ఫ్యాక్షన్లు ఆ పాళెగాళ్ల వారసత్వమేనా? కాదు. 1846 నుంచి నాటుబాంబుల దాకా సూటిగా గీత గీయడం తప్పు. 1959లో పంచాయతీరాజ్ వచ్చాక సర్పంచి, సమితి పదవుల చుట్టూ, సారా వేలాల చుట్టూ, రోడ్డు పనుల చుట్టూ, మంగంపేట ముగ్గురాయి గనుల చుట్టూ కొత్త ముఠాలు బలిశాయి. పోలిక ఒక్కచోటే ఉంది: నీళ్లూ జీతమూ లేని ఊళ్లో యువకుడికి నాయకుడి అనుచరుడిగా ఉండటమే బతుకుతెరువు అయింది. రెండు పక్షాల్లోనూ ఎక్కువగా చచ్చింది, జైళ్లలో మగ్గింది ఆ అనుచరులే. 1990ల చివర్లో వచ్చిన సినిమాలు వేటకొడవలిని సీమ గుర్తుగా చేసి, ఈ బతుకుతెరువు సంగతిని మరుగుపరిచాయి. సీమ హింస గురించి రాసేవాళ్లు పౌరుషం మాట పక్కనపెట్టి, మాన్యాల లెక్కలూ కాంట్రాక్టు కాగితాలూ ముందు తిరగేయాలి.